క్వారీ: రాతిగనికీ వేటకీ సంబంధం ఉందా?

"క్వారీ అంటే రాతిగని అనీ, వేటగాళ్లు తరుముతున్న జంతువు అనీ ఇంగ్లీషు నిఘంటువులో రెండూ ఉన్నాయి. గని అర్థం వేటకి ఎలా మారింది?" అని గ్రూపులో ఒకరు అడిగారు.

మారలేదండీ. అవి రెండు వేరు వేరు మాటలు. పుట్టుక వేరు, స్పెల్లింగ్ మాత్రం ఒకటైపోయింది.

గని సంగతి తేలిక. లాటిన్‌లో 'క్వాడ్రుస్' అంటే చదరం. రాళ్లను చదరంగా చెక్కే చోటు కాబట్టి పాత ఫ్రెంచి మీదుగా ఆ పేరు వచ్చింది. చీమకుర్తి లాంటి చోట్ల గ్రానైట్ పనితో క్వారీ మనకి తెలుగు మాటంత దగ్గరైంది.

వేట మాట చరిత్ర ఇంకా బాగుంటుంది. మధ్యయుగాల్లో దొరలు వేటకుక్కలతో జింకను తరిమేవారు. జింక పడ్డాక కుక్కలకి వాటా పెట్టాలి. పేగులూ అవీ జింక తోలు మీదే పరిచి పెట్టేవారు. ఆ వాటాకి పాత ఫ్రెంచిలో ఉన్న పేరే ఇది. తోలుకి ఫ్రెంచిలో ఉన్న 'క్యుయిర్' అనే మాట ప్రభావం దీని మీద పడింది. ఇంగ్లీషులో అది చంపిన జంతువుల కుప్పకి కూడా పేరైంది. చివరికి, ఇంకా ప్రాణం కోసం పరుగెత్తుతున్న జంతువుకి కూడా అదే పేరు అంటుకుంది!

షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' నాలుగో అంకం మూడో రంగం చూడండి. మాక్‌డఫ్ అనే దొరకి, అతని భార్యాబిడ్డల్ని చంపేశారన్న కబురు చెబుతూ రాస్ అనే మరో దొర వాళ్లని "హతమైన ఈ జింకల క్వారీ" అంటాడు. అక్కడ అర్థం కుప్ప. వేటలో పరుగెత్తుతున్న జంతువు అనుకుని చదివితే ఆ మాటలోని ఘోరం అందదు. పైగా ఇంగ్లీషులో జింకలకి అక్కడున్న మాట 'డియర్'. అది వినగానే జింకలూ వినిపిస్తాయి, ప్రియమైనవాళ్లూ వినిపిస్తారు. ఎంత కోత పెట్టే మాటో!

*కింద వచ్చిన ప్రశ్న:* మరి నేలకి వేసే క్వారీ టైల్? క్వారీలో తీసిన రాయేనా?

*జవాబు:* కాదండీ, అది మట్టితో చేసి కాల్చిన పలక. అయితే మాట మాత్రం చదరం కుటుంబానిదే. పాత చర్చి కిటికీల్లో సీసపు పట్టీల మధ్య బిగించే డైమండ్ ఆకారపు అద్దం ముక్కనీ క్వారీ అంటారు. దానికి పాత రూపం క్వారెల్. నలుపలకల మొన ఉన్న ఒక రకం బాణానికీ అదే పేరు. పోట్లాట అనే క్వారెల్ మాత్రం వీటికి చుట్టం కాదు. అది ఫిర్యాదు అనే అర్థమున్న 'క్వెరేలా' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది.