పాత, ముసలి, పెద్ద: ‘ఓల్డ్’కు స్పానిష్ మాట ఏది?

ప్రశ్న: ఇంగ్లీషులోని ‘ఓల్డ్’ అనే విశేషణానికి నిఘంటువు తెరిస్తే మొదట ‘వియెహో’ అన్న మాట కనిపిస్తుంది. అయితే మంచి అనువాదాల్లో దానికి బదులు కొన్నిచోట్ల ‘ఆంతీగ్వో’, మరికొన్నిచోట్ల ‘మయోర్’ ఉంటున్నాయి. ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోవడానికి సూత్రం ఏదైనా ఉన్నదా?

సమాధానం: సూత్రమని చెప్పదగినంత గట్టిది లేదు కాని, తెలుగు తెలిసినవారికి ఒక దగ్గరి దారి ఉంది. ఆ వాక్యాన్ని తెలుగులో ఎలా అంటామో ముందు చెప్పుకొని చూడండి. ఇంగ్లీషు ఒక్క మాటతో గడుపుకొనే చోట మనం పాత, ముసలి, పెద్ద, ప్రాచీన, మునుపటి అని వేరువేరుగా పలుకుతాము. స్పానిష్ కూడా ఇంచుమించు అవే పాయలుగా చీలుతుంది.

వయసు చెప్పే వాక్యాల్లో అసలు ఏ మాటా అక్కరలేదు. ‘మా అబ్బాయికి ఐదేళ్ళు’ అన్నప్పుడు మనం ముసలితనాన్నీ పాతదనాన్నీ తలవనట్లే, స్పానిష్‌వారు ‘మి ఈహో తియెనె సింకో ఆన్యోస్’, అంటే ‘మా అబ్బాయికి ఐదు సంవత్సరాలు ఉన్నాయి’ అంటారు. ‘ఐదేళ్ళ పిల్లవాడు’ అన్నది ‘నీన్యో దే సింకో ఆన్యోస్’ అవుతుంది. (రాతలో ఈ ‘ఆన్యోస్’లోని అక్షరం మీద ఉండే అలగీతను మాత్రం మరవకండి. అది లేకపోతే మిగిలేది శరీరంలో నలుగురిలో పేరెత్తని భాగం.)

‘మయోర్’ మన ‘పెద్ద’కు తోబుట్టువు వంటిది. లాటిన్‌లో ‘మరింత పెద్ద’ అనే అర్థమున్న మాటనుంచి వచ్చింది కనుక పరిమాణానికీ వయసుకూ రెండింటికీ చెల్లుతుంది: ‘లా మయోర్ పార్తే’ అంటే ఎక్కువ భాగం, ‘ఎర్మానో మయోర్’ అంటే అన్నయ్య. చట్టం దృష్టిలో యుక్తవయసు వచ్చినవారిని ‘మయోర్ దే ఎదాద్’ అంటారు; మనం ‘మేజరు’ అనేదీ ఆ లాటిన్ మాట సంతతే. మర్యాద విషయంలోనూ పోలిక నిలుస్తుంది. ఎదుటి మనిషిని ‘ముసలావిడ’ అనకుండా ‘పెద్దావిడ’ అన్నట్లే ‘ఉనా సెన్యోరా మయోర్’ అనాలి. ‘ఉనా వియెహా’ అంటే మోటుగా ఉంటుంది. అర్జెంటీనాలో తల్లిని ‘మి వియెహా’ అని ముద్దుగా అనేవారు ఉన్నారన్నది నిజమే, కాని ఆ చనువు అక్కడివారిది. భాష నేర్చుకొంటున్నవారు దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అసలు చిక్కు ‘వియెహో’, ‘ఆంతీగ్వో’ల మధ్య ఉంది. స్పానిష్‌లో విశేషణం సాధారణంగా నామవాచకం వెనుక నిలుస్తుంది. ముందుకు వస్తే చాలాసార్లు అర్థం మారుతుంది. ‘అమీగో వియెహో’ వయసు మళ్ళిన మిత్రుడు కాగా, ‘వియెహో అమీగో’ చిరకాల మిత్రుడు, అతనికి పాతికేళ్ళే ఉండవచ్చు. ‘కాసా వియెహా’ అంటే పాతబడి అరిగిపోయిన ఇల్లు. ‘కాసా ఆంతీగ్వా’ అంటే పూర్వకాలపు ఇల్లు, దానిలో కొంత గౌరవం ధ్వనిస్తుంది. ‘మి ఆంతీగ్వా కాసా’ అంటే నేను మునుపు ఉండిన ఇల్లు, అది కట్టి మూడేళ్ళే అయినా సరే. ఈ తేడా నాకు తప్పుచేసిన తరువాతనే మనసుకెక్కింది. ఒక ఉత్తరంలో, నాకు మునుపు పాఠం చెప్పిన ఉపాధ్యాయిని అనే ఉద్దేశంతో ‘మి వియెహా ప్రొఫెసోరా’ అని రాశాను. దానికి వచ్చిన జవాబులో ఆమె ఆరోగ్యం ఎలా ఉన్నదని ఎంతో ఆదరంగా అడిగారు. ఆమెకు అప్పటికి ముప్పయ్యేళ్ళు నిండలేదు.

మరొకరి సందేహం: మీరు చెప్పిన దారి ఇక్కడ తప్పుతున్నది కదా? ‘మా పాత ఇల్లు’ అన్నప్పుడు తెలుగులో కూడా శిథిలమైనదో, ఖాళీచేసి వచ్చినదో తెలియదు.

సమాధానం: నిజమే, ‘పాత’ దగ్గర మన భాషా ఇంగ్లీషులాగే తడబడుతుంది. అటువంటప్పుడు వ్యతిరేకపదం పెట్టి చూడండి. ‘కొత్త’ ఎదురైతే ‘వియెహో’, ‘ఇప్పటి’ ఎదురైతే ముందు నిలిచే ‘ఆంతీగ్వో’, ‘ఆధునిక’ ఎదురైతే వెనుక నిలిచే ‘ఆంతీగ్వో’ సాధారణంగా సరిపోతాయి. గ్వాటెమాలాలోని ఆంతీగ్వా నగరం పేరు మంచి ఉదాహరణ. 1773 భూకంపాల తరువాత, 1776లో రాజధానిని ఇప్పటి చోటికి మార్చారు. విడిచి వచ్చిన నగరానికి ‘ఆంతీగ్వా గ్వాటెమాలా’ అనే పేరు నిలిచింది. అక్కడ ఆ మాటకు మొదటి అర్థం ‘మునుపటి’. ఇప్పుడు వినేవారికి ‘పురాతన’ కూడా తోస్తుంది. ఇటువంటి ఊరిపేర్లను మాత్రం ఉన్నవి ఉన్నట్లు నేర్చుకోవలసిందే: హవానా పాతనగరం ‘లా అబానా వియెహా’యే గాని ‘ఆంతీగ్వా’ కాదు.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘మా పాత మేనేజరు ముసలివాడేమీ కాదు, నాకన్నా రెండేళ్ళే పెద్ద’ అనే వాక్యాన్ని ఇలా రాయవచ్చునా? ‘మి ఆంతీగ్వో హెఫే నో ఎస్ వియెహో, సోలో ఎస్ దోస్ ఆన్యోస్ మయోర్ కే యో.’ ఇంగ్లీషులో ఈ మూడు చోట్లా ‘ఓల్డే’ కదా!

సమాధానం: తప్పు లేదు. నోటిమాటలో అయితే చివరి భాగాన్ని ‘సోలో మే యేవా దోస్ ఆన్యోస్’ అనడమే ఎక్కువ సహజం. అందులో ‘మయోర్’ కూడా అక్కరలేదు.