వేడెక్కాక ఆగిపోతున్న నైట్రో ట్రక్కు: నీడిల్ తిప్పాలా, స్లీవ్ మార్చాలా?

ఎర్రమట్టి_ట్రాక్:
మాన్‌స్టర్ ట్రక్కు (రిమోట్‌తో నడిపే మోడల్ బండి), .21 ఇంజన్ (0.21 ఘనపు అంగుళాలు), ఏబీసీ స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం: అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి స్లీవ్), ఇంధనంలో 20 శాతం నైట్రోమీథేన్. చల్లగా ఉన్నప్పుడు రెండు లాగుళ్లకే స్టార్టవుతుంది. ఏడెనిమిది నిమిషాలు పరిగెత్తాక థ్రాటిల్ వదిలితే చాలు, ఆగిపోతుంది. వేడి మీద ఎంత లాగినా అంటుకోదు. చల్లారితే మళ్లీ మామూలే. గ్లో ప్లగ్ (ఇంధనాన్ని అంటించే ప్లగ్) మొదలు దగ్గర వేడి 112 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది. కొత్త ప్లగ్ వేసినా అంతే. హై స్పీడ్ నీడిల్ (కార్బ్యురేటర్‌లో ఇంధనం మోతాదు మార్చే స్క్రూ) తెరవమని కొందరు, స్లీవ్ అరిగిందని కొందరు. ముందు ఏది చూడాలి?

కార్బ్_మావయ్య:
నీడిలే. మే నెల ఎండకి లీన్ (గాలికి తగ్గ ఇంధనం లేకపోవడం) అయ్యుంటుంది. ఎనిమిదో వంతు చుట్టు తెరిచి సగం ట్యాంకు నడపండి. ఫుల్ థ్రాటిల్‌లో పొగ గీత కనబడాలి. దీనికే స్లీవ్ కొనడం డబ్బు తగలేయడం.

పించ్_పోయింది:
మావయ్యా, ఎండకి గాలి పలచబడుతుంది. చలికాలపు సెట్టింగ్ ఎండాకాలంలో రిచ్ (ఇంధనం ఎక్కువ) అవుతుంది గానీ లీన్ కాదు. పైగా 105 నుంచి 130 దాకా మామూలు వేడే. లీన్ వల్ల ఆగేదైతే 140 దాటి ఉండేది.

ఏబీసీలో ఇత్తడి స్లీవ్ పైకి పోయేకొద్దీ లోపల ఇరుకవుతుంది. వేడికి స్లీవ్ పిస్టన్ కంటే ఎక్కువ వ్యాకోచించి, అప్పుడే సరైన ఖాళీ వస్తుంది. అరిగిన స్లీవ్‌లో ఆ ఖాళీ ఎక్కువై కంప్రెషన్ జారిపోతుంది. చల్లగా అంటుకుని వేడిగా మొరాయించడం అందుకే.

ఇంజన్ చల్లారాక ప్లగ్ తీసి ఫ్లైవీల్ వేలితో తిప్పండి. పిస్టన్ పైకొచ్చినప్పుడు గట్టిగా పట్టేస్తే పించ్ (స్లీవ్ పైభాగపు బిగుతు) ఉంది. ఎక్కడా పట్టకుండా నున్నగా తిరిగితే పోయినట్టే.

కార్బ్_మావయ్య:
లో స్పీడ్ నీడిల్ (తక్కువ వేగంలో ఇంధనం మోతాదు మార్చేది) రిచ్ అయినా ఐడిల్‌లో ఇంధనం పేరుకుని ఇలాగే ఆగుతుంది, ముంపుకి వేడి మీద కూడా అంటుకోదు. ఐడిల్‌లో కార్బ్ దగ్గర ఇంధనం పైపు నొక్కండి. రివ్వు (ఇంజన్ వేగం) కొంచెం లేచి, రెండు మూడు సెకన్లలో ఆగితే సరి. చాలాసేపు లేచి ఆగితే రిచ్. లేవకుండా టక్కున ఆగితే లీన్. ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు.

పించ్_పోయింది:
ఇదీ చేయాల్సిందే, కాదనను. కానీ ఆగిన వెంటనే ప్లగ్ తీస్తే ముంపా కాదా తేలిపోతుంది. కాయిల్ తడిసి నిగనిగలాడితే మీ మాట, పొడిగా ఉంటే నా మాట. లాగుడు తాడు బిగుసుకుపోతే మాత్రం బలం పెట్టొద్దు: సిలిండర్‌లో ఇంధనం నిండి ఉంటుంది. ప్లగ్ తీసి బండి తలకిందులు చేసి బయటికి కారనివ్వండి, లేకపోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

గ్యాస్కెట్_గాడు:
ఇద్దరూ గాలి లీకు మర్చిపోయారు. అన్నా, థ్రాటిల్ వదిలాక రివ్వులు వెంటనే దిగుతున్నాయా, కాసేపు పైనే వేలాడుతున్నాయా? వేలాడితే బ్యాక్‌ప్లేట్ గ్యాస్కెట్, కార్బ్ కింది ఓ-రింగ్, ముందు బేరింగ్ అనుమానించండి. ఇంజన్ దింపి, ఎగ్జాస్ట్, కార్బ్ నోరు మూసి, ఇంధనం నిపిల్‌కి పైపు తగిలించి నీళ్లలో ముంచి ఊదండి. బుడగలు ఎక్కడ వస్తే లీకక్కడ. వెంటనే ఆరబెట్టి ఆఫ్టర్-రన్ ఆయిల్ వెయ్యాలి, లేకపోతే బేరింగులు తుప్పు పడతాయి.

ఎర్రమట్టి_ట్రాక్:
వదిలితే వెంటనే దిగుతున్నాయి. ప్లగ్ కాయిల్ పొడి. చల్లగా ఫ్లైవీల్ తిప్పితే పైన ఏమాత్రం పట్టడం లేదు. పాత స్లీవ్‌ని నొక్కించి బిగించుకోవచ్చంటున్నారు, నిజమేనా?

కార్బ్_మావయ్య:
స్లీవే అయితే నొక్కించడం చాలు, కొన్నాళ్లు పనిచేస్తుంది.

పించ్_పోయింది:
క్రోమ్ పూత ఊడకుండా ఉంటేనే. స్లీవ్ లోపల ఇత్తడి పసుపు కనబడితే పనికిరాదు. కొత్త పిస్టన్-స్లీవ్ సెట్ వేస్తే రాడ్ కూడా మార్చండి. మొదటి నాలుగైదు ట్యాంకులు రిచ్‌గా నడపాలి, స్టార్ట్ చేసే ముందు హీట్ గన్‌తో హెడ్ వేడి చేయాలి. ప్రతిసారి ఆపాక పిస్టన్‌ను కిందికి దించి చల్లారనివ్వండి. పైన వదిలేస్తే కొత్త పించ్ సాగిపోతుంది.