449 ప్లాన్ అని చెప్పి 705 బిల్లు, పోస్ట్‌పెయిడ్ ఉంచాలా తీసేయాలా?

కాజీపేట పోరడు:
మూడు నెలల కింద హన్మకొండలో ఒక షాపుకి టెంపర్డ్ గ్లాస్ వేయించుకుందామని పోయి పోస్ట్‌పెయిడ్ తీసుకుని బయటికొచ్చాను. "రీచార్జ్ లొల్లి ఉండదు తమ్ముడూ, నెలకి 449 అంతే" అన్నాడు, ఓటీపీ చెప్పాను, అయిపోయింది. మొదటి బిల్లే 530 వచ్చింది, ఏదో కొత్తది కదా అని కట్టేశా. ఈ నెల 705 రూపాయల 64 పైసలు. రెండో పేజీ తీసి చూస్తే రెంటల్ 449, ఐఎస్‌డీ 64, ఏదో "వ్యాల్యూ యాడెడ్" అని 35, లేట్ ఫీజు 50, వీటి కింద జీఎస్‌టీ 107.64.

ఐఎస్‌డీ సంగతి తెలుసు. మా బావ దుబాయ్‌లో ఉంటాడు, అక్కడ వాట్సాప్ కాల్ కలవదు కదా, అర్జెంటుగా మామూలు కాలే చేశా, నాలుగు నిమిషాలు కూడా లేదు. ఆ 35 ఏంటో మాత్రం దేవుడికే తెలియాలి. ప్రీపెయిడ్‌లో 349 వేసుకుని హాయిగా ఉండేవాణ్ణి. మళ్ళీ అటే పోవాలా, లేక నేనే వాడటం రాక ఇట్లా చేసుకుంటున్నానా?

సెల్ పాయింట్ అన్న:
షాపు నడిపేవాణ్ణి కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కి మారిస్తే మాకు కమిషన్ ఉంటుంది, అందుకే "449 అంతే" దగ్గర ఆగిపోతారు. ప్రీపెయిడ్ ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంటుంది, 349 అంటే జేబులోంచి పోయేది 349. పోస్ట్‌పెయిడ్ బోర్డు మీద రాసేది పన్ను లేని ధర. 449 మీద 80.82 పడితే 529.82, నీ మొదటి బిల్లు అదే, తప్పేం లేదు.

అసలు తేడా ఇంకోటి ఉంది. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ లేకపోతే నీ దుబాయ్ కాల్ అసలు పోనే పోదు, అక్కడే ఆగిపోతుంది. పోస్ట్‌పెయిడ్‌లో ఐఎస్‌డీ ఆన్‌లో ఉంటే చప్పుడు లేకుండా పోతుంది, పైసలు నెలాఖరుకి కనబడతాయి. కిరాణా కొట్లో ఖాతా పెట్టినట్టే అనుకో.

హన్మకొండ లెక్కల సార్:
ప్రీపెయిడ్ వాళ్ళు నెలకి 349 అనుకోవడం కూడా పొరపాటే. అది 28 రోజులకి, నెలకి కాదు. 13 సార్లు 28 అంటే 364, అంటే ఏడాదికి 13 రీచార్జ్‌లు, 4,537 రూపాయలు. పోస్ట్‌పెయిడ్ 12 బిల్లులే, 529.82 చొప్పున 6,357.84. ఏం అదనపు ఛార్జీ పడకపోయినా ఏడాదికి 1,820 ఎక్కువ. (2022లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెల అదే తేదీకి వచ్చేది ఒకటి పెట్టాల్సి వచ్చింది. షాపులో అడిగితే గానీ చూపించరు.)

ఇంకోటి గమనించండి, ఆ 107.64 జీఎస్‌టీ లేట్ ఫీజుని కూడా కలిపి వేసింది. 50 ఆలస్య రుసుము అంటే నిజానికి 59. ఆటో పే పెట్టుకుంటే ఆ బాధ ఉండదు, కానీ ఆటో పే పెట్టుకున్నోడు బిల్లు తెరిచి చూడడు, ఆ 35 లాంటివి ఏడాదంతా అట్లనే పోతుంటాయి.

ఎనుమాముల మిర్చి:
అందరూ పోస్ట్‌పెయిడ్‌ని తిట్టకండి. మాది కమీషన్ వ్యాపారం, రెగ్యులర్ జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంది, బిల్లు మీద మా నంబర్ వేయించుకుంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ కింద తిరిగి వస్తుంది. కంపోజిషన్ వాళ్ళకి, అంటే అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారులకి, రాదు. సీజన్‌లో రోజంతా ఫోన్ చెవికే ఉంటది, మధ్యలో ప్యాక్ అయిపోతే రైతు ఇంకో దుకాణానికి పోతాడు. జీతం మీద బతికే పోరగాళ్ళకి మాత్రం ఎందుకో నాకూ అర్థం కాదు.

ఓరుగల్లు టు లండన్:
అన్నా, మీకు కనీసం కాంట్రాక్ట్ లేదు. ఇక్కడ ఫోన్‌తో కలిపి 24 నెలలు సంతకం పెట్టించుకుంటారు, మధ్యలో వదిలేస్తే మిగిలిన నెలలకీ కట్టమంటారు. పైగా ఏటా వసంతంలో ధర పెంచుతారు. ఇంతకు ముందు ద్రవ్యోల్బణం మీద ఇంత శాతం అని రాసేవాళ్ళు, ఎంత పెరుగుతుందో ఎవడికీ తెలిసేది కాదు. 2025 జనవరి 17 నుంచి కొత్త కాంట్రాక్టుల్లో ఎన్ని పౌండ్లు పెరుగుతుందో ముందే రాయాలని ఇక్కడి టెలికం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ రూల్ పెట్టింది. పెరగడం మాత్రం ఆగలేదు. నేను ఫోన్ విడిగా కొనుక్కుని సిమ్ ఒక్కటే నెలనెలా వేసుకుంటున్నా.

రైల్వే గేట్ దగ్గర:
ఆ 35 కాలర్ ట్యూన్ అయి ఉంటది. ఏం పాట తమ్మీ?

సుబేదారి అక్క:
నవ్వకండి, మా అమ్మకీ ఇట్లానే అయింది, ఆవిడకి తెలియకుండానే జాతకం మెసేజీలు. 155223కి ఫోన్ చేస్తే ఏమేం సర్వీసులు ఆన్‌లో ఉన్నాయో చెప్తారు, అక్కడే ఆపించుకోవచ్చు. నువ్వు రెండుసార్లు సరే అనకుండా అలాంటివి ఆన్ చేయకూడదని 2013 నుంచే రూల్. కస్టమర్ కేర్‌కి చేసి "నేను ఒప్పుకున్నట్టు రికార్డు చూపించండి" అని అడుగు, డాకెట్ నంబర్ (కంప్లైంట్ నంబర్) తప్పకుండా రాసుకో. తేలకపోతే అదే కంపెనీలో అప్పీళ్ళు చూసే అప్పిలేట్ అథారిటీకి పో. ట్రాయ్‌కి రాస్తే లాభం లేదు, విడివిడి కంప్లైంట్లు వాళ్ళు చూడరు. ఆఖరికి కన్స్యూమర్ కమిషన్ ఉంది, టెలికం కేసులు అక్కడ వేయొచ్చని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కోపంలో వేరే కంపెనీకి పోర్ట్ పెట్టేవు జర, బాకీ ఉంటే 1900కి మెసేజ్ పెట్టినా పోర్టింగ్ కోడ్ రాదు.

కాజీపేట పోరడు:
155223కి చేశా. కాలర్ ట్యూనే! పాట ఏంటో నేను వినలేదు, నాకు ఫోన్ చేసినోళ్ళకే వినబడుతుంది కదా, ఇంట్లో అడిగితే "నువ్వే పెట్టుకున్నావనుకున్నాం" అంటున్నారు. ఆపించాను, ఐఎస్‌డీ కూడా తీయించాను. 35 వచ్చే బిల్లులో తగ్గిస్తామన్నారు, డాకెట్ నంబర్ బిల్లు వెనకే రాసిపెట్టుకున్నా. లెక్కల సార్ చెప్పిన 1,820 చూశాక నిర్ణయం అయిపోయింది, ఆ 35 తగ్గిన బిల్లు రాగానే కట్టేసి ప్రీపెయిడ్‌కి పోతా. బావకి చెప్పా, ఇక నుంచి నువ్వే చెయ్ అని.