రౌటర్ ఉండగా మౌల్డింగ్‌కి చెక్క చిత్రికలు ఎందుకు?

మూలమట్టం:
మౌల్డింగ్ అంటే అందం కోసం వంపులు, గాడులు తీసిన చెక్క పట్టీ; రౌటర్ అంటే వేగంగా తిరిగే బిట్‌తో (కోసే మొనతో) చెక్కని తొలిచే కరెంటు మెషిన్. వేరే చర్చలో ఒకాయన ఇలా రాశారు: "రౌటర్ వచ్చాక కూడా మౌల్డింగ్ కోసం చెక్క చిత్రిక పట్టడం పాత వస్తువుల మీద మోజే తప్ప పనితనం కాదు." నాకు ఆ మాట మింగుడు పడలేదు, కానీ అందులో నిజం ఎంతో తెలుసుకోవాలని ఉంది. చెక్కని చదును చేసే చిత్రిక గురించి కాదు నేను అడిగేది, అంచులకి వంపులు, గాడులు తీసే సన్నని చెక్క చిత్రికల గురించి. రెండూ వాడినవాళ్లు చెప్పండి.

కొలతబద్ద:
నేను ఆయన పక్షమే. గది చుట్టూ గోడ అడుగున మౌల్డింగ్ వేయాలంటే మొదటి ముక్క, చివరి ముక్క మూల దగ్గర అచ్చంగా కలవాలి. రౌటర్‌లో బిట్ బిగిస్తే కలుస్తాయి. చేత్తో తీస్తే ఎక్కడో అర మిల్లీమీటరు తేడా వస్తుంది, అది సరిగ్గా అతుకు దగ్గరే బయటపడుతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) మీద చిత్రిక నడవదు. గుండ్రటి బల్ల అంచుకి, వంపు తిరిగిన ఫ్రేముకి తిన్నని చిత్రిక పనికిరాదు. పైగా ఒక్కో షేపుకి ఒక్కో చిత్రిక కొనాలి, ఆ వంకర బ్లేడుకి పదును పెట్టడం మామూలు పని కాదు.

చెక్కపొట్టు:
కొలతబద్ద గారూ, ఎండీఎఫ్ గురించి, గుండ్రటి అంచుల గురించి మీరన్నది నిజం, అక్కడ రౌటరే. కానీ "ఒక్కో షేపుకి ఒక్కో చిత్రిక" అన్నది సగమే నిజం. చెక్క చిత్రికల్లో రెండు రకాలున్నాయి. ఒక రకంలో మొత్తం షేపు అడుగులోనే ఉంటుంది, అది తీసేది ఆ ఒక్క షేపే. రెండోది జతలుగా వచ్చేవి: ఒకదాని అడుగు ఉబ్బుగా ఉండి చెక్కలో గుంట తీస్తుంది, రెండోదాని అడుగు గుంటగా ఉండి ఉబ్బు తీస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో పూర్తి సెట్టంటే 18 జతలు, అంటే 36 చిత్రికలు. సగం సెట్టు 9 జతలు. అన్నీ ఎవరికీ అక్కర్లేదు, రెండు మూడు జతలు, ఒక రిబేట్ చిత్రిక (అంచున మెట్టులా కోసేది) ఉంటే ఎన్ని షేపులు తీయొచ్చో లెక్కే లేదు.

పని ఎలా జరుగుతుందో చెప్తాను, వాదన అందులోనే ఉంది. ముందు చెక్క రెండు కొసల మీదా షేపు గీసుకోవాలి. తర్వాత రిబేట్ చిత్రికతో మెట్లు మెట్లుగా తీస్తారు, ప్రతి మెట్టు మూల కావలసిన వంపు గీతని తాకీ తాకనట్టు ఉండాలి. ఉబ్బు అడుగున్న చిత్రిక ఆ మెట్టు రెండు అంచుల మధ్య కూర్చుని తిన్నగా నడుస్తుంది, పక్కకి జారదు. ఉబ్బు తీయాల్సిన చోట ముందుగా అంచుని ఏటవాలుగా కొడితే గుంట అడుగున్నది దాని మీద కూర్చుంటుంది. అంటే లోతు, దారి రెండూ ముందే నిర్ణయమైపోతాయి, మీరు భయపడే అర మిల్లీమీటరు తేడా చాలావరకు ఈ మెట్ల దగ్గరే ఆగిపోతుంది. మెట్లు అశ్రద్ధగా తీస్తే మాత్రం చిత్రిక ఏదైనా కాపాడలేదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. రౌటర్ బిట్లలో ఎక్కువ భాగం వృత్తంలో ముక్కలే, తయారుచేసినవాడు ఇచ్చిన సైజులోనే వంపు వస్తుంది. చిత్రికతో వంపుని ఒకవైపు సాగదీయొచ్చు, దీర్ఘవృత్తంలా చేయొచ్చు, చేస్తున్న అలమర ఎత్తుకి ఏది నప్పుతుందో అదే తీయొచ్చు. అందంగా ఉన్న పాత మౌల్డింగ్‌ని ఒకసారి దగ్గర నుంచి చూడండి, దాని నీడలు పడే తీరు వేరు. తిరిగే కట్టర్ సన్నని అలలు వదులుతుంది, ఒక్కోచోట కాలుస్తుంది, వాటిని పోగొట్టడానికి గరుకు కాగితం పెట్టగానే గాడి అంచుల పదును పోతుంది. పదునైన చిత్రిక బ్లేడు వదిలిన తలానికి గరుకు కాగితం అవసరమే రాదు.

పాతగూటం:
దుమ్ము మాట ఎవరూ ఎత్తలేదేం? అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్ముని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. చిత్రిక నుంచి వచ్చేది పొట్టు, నేల మీద పడుతుంది. రౌటర్ నుంచి వచ్చేది సన్నని దుమ్ము, గాల్లో తేలుతుంది. చిన్న షెడ్డులో పని చేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

కొలతబద్ద:
దుమ్ము విషయం సరే, మాస్కు, దుమ్ము లాగే మెషిన్ లేకుండా రౌటర్ ఆన్ చేయకూడదు. చెక్కపొట్టు గారి మెట్ల పద్ధతి కూడా బాగుంది. కానీ చెక్క ఎంపిక సంగతి దాటేశారు. నార ఎదురు తిరిగిన చోట చిత్రిక చెక్కని పీకేస్తుంది, టేకు లాంటి దాంట్లో సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం) వల్ల బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది. రౌటర్‌కి కార్బైడ్ (ఉక్కు కన్నా గట్టి పదార్థం) బిట్ ఉంది, అంత టెన్షన్ లేదు. ఇంకో మాట, చేత్తోనే చేయాలనుకుంటే స్టాన్లీ 55 లాంటి ఇనుప చిత్రిక ఉందిగా, ఒక్కదానికే బోలెడు బ్లేడులు, చెక్కవి దేనికి?

చెక్కపొట్టు:
స్టాన్లీ 55 అమ్మకానికి వచ్చింది 1897లో, తెలివైన పనిముట్టే. కానీ దాని అడుగు సన్నని ఇనుప పట్టీలు మాత్రమే. వంపు పొడవునా బ్లేడు ముందు చెక్కని నొక్కిపట్టే అడుగు లేదు, అందుకే మీరన్న ఆ పీకడం దాంట్లో ఇంకా ఎక్కువ. చెక్క చిత్రికలో బ్లేడు వంపుకి సరిపడే అడుగు ముందూ వెనకా ఉంటుంది.

నార గురించి మీరన్నది నిజం, తిన్నని నార ఉన్న చెక్కే ఎంచుకోవాలి. గట్టి చెక్కల కోసం బ్లేడుని మామూలు 45 డిగ్రీల బదులు 50, 55 డిగ్రీల్లో నిలబెట్టినవి కూడా ఉన్నాయి, వాటితో పీకడం తగ్గుతుంది, తోయడం బరువవుతుంది. వందల అడుగులు ఒకే షేపు కావాలంటే నేనూ మెషినే వాడమంటాను. ఒక పెట్టెకో, ఒక అలమర పైఅంచుకో రెండు మీటర్లు కావాలంటే మాత్రం, మీరు బిట్ బిగించి, ఎత్తు సరిచేసి, పనికిరాని ముక్క మీద పరీక్షించేలోపు నా పని సగం అవుతుంది.

మూలమట్టం:
ఒక జత కొని చూద్దామనిపిస్తోంది. పాతవి తీసుకుంటే ఏం చూడాలి?

చెక్కపొట్టు:
ముందు కొస నుంచి అడుగు వెంబడి చూడండి, విల్లులా వంగి ఉంటే వద్దు. బ్లేడుని పట్టి ఉంచే చెక్క చీల బిగించినప్పుడు కదలకుండా పట్టాలి. అడుగులో తొందరగా అరిగే చోట బాక్స్‌వుడ్ (చాలా గట్టి చెక్క) పట్టీ ఉంటే అది ఊడిపోలేదు కదా చూసుకోండి. తుప్పు పైపైన ఉంటే పర్లేదు, బ్లేడు అంచు దాకా గుంటలు పడితే వదిలేయండి. ఇంటికొచ్చాక బ్లేడు వంపు అడుగు వంపుతో కలవకపోతే అడుగుని గీకకండి, బ్లేడునే దానికి తగ్గట్టు అరగదీయండి.