గాజుల కొట్టు అద్దంలో వీధి, లోపలి గాజులు రెండూ కలిసేలా ఫోటో ఎలా తీయాలి?

ప్రశ్న:
వానలు మొదలయ్యాక చార్మినార్ దగ్గర ప్రతిబింబాలతో ఫోటోలు తీస్తున్నానండి. నీటి గుంతలో మీనార్ తలకిందులుగా కనిపించే ఫోటో అందరూ తీసేదే. పక్కనే ఉన్న లాడ్ బజార్ గాజుల కొట్ల అద్దాల్లో లోపలి గాజులు, బయటి వీధి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు రావాలని నా కోరిక. తీస్తే అంతా కలగాపులగం అవుతోంది, మీనార్ కూడా మసకగా వస్తోంది. మిర్రర్‌లెస్ కెమెరా, 35 ఎంఎం లెన్స్ ఉన్నాయి.

జవాబు 1:
ముందు మసక సంగతి. అద్దం మీద మీనార్ కనిపిస్తున్నా, దాని దూరం మాత్రం అద్దం దగ్గర ఆగదు. మీరు అద్దానికి ఒక మీటరు దూరంలో ఉండి, అద్దం నుంచి మీనార్ 50 మీటర్లు ఉంటే, ఫోకస్ 51 మీటర్ల దగ్గర పెట్టాలి. ఆటోఫోకస్ అద్దం మీద దుమ్మునో, స్టిక్కర్‌నో, లోపలి గాజులనో పట్టుకుంటుంది. మాన్యువల్ ఫోకస్‌కి మార్చుకోండి. గాజులూ కొంత స్పష్టంగా కావాలంటే అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 లేదా ఎఫ్/11కి తగ్గించండి.

ఇక కలగాపులగం. అద్దంలో వెలుతురుగా ఉన్నదాని ప్రతిబింబం పడ్డ చోట బయటి దృశ్యం గెలుస్తుంది, నల్లటిదాని ప్రతిబింబం పడ్డ చోట లోపలిది బయటపడుతుంది. తెల్లటి ఆకాశం పడిన భాగంలో గాజులు దాదాపు మాయమవుతాయి. అదే అద్దంలో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి నడిచి వెళ్తే, ఆ మనిషి ఆకారం మేరకే లోపలి ఎర్ర గాజులు, పచ్చ గాజులు, రాళ్ల మెరుపు కనిపిస్తాయి. అంటే గాజులతో చేసిన మనిషి వీధిలో నడుస్తున్నట్టే! అందుకని కెమెరా అటూ ఇటూ తిప్పడం మానేసి, ఫ్రేమ్ కుదుర్చుకుని, ఎవరైనా దాటేదాకా ఆగండి. నాకు ఈ ప్రయోగం అంటే చాలా ఇష్టం. కంప్యూటర్‌లో రెండు ఫోటోలు అతికిస్తే ఈ అందం రాదు.

సమయం కూడా చూసుకోండి. లాడ్ బజార్ చార్మినార్‌కు పడమటి వైపు ఉంది కాబట్టి సాయంత్రం ఎండ మీకు కనిపించే వైపే పడుతుంది. బజారు మొదట్లో ఉన్న కొట్ల అద్దాలను ఏటవాలుగా చూడండి. చీకటి పడ్డాక కొట్టులో లైట్లదే పైచేయి, వీధి కనిపించదు. ఆ రెండింటికీ మధ్య, పొద్దుగుంకే వేళ కాసేపు లోపలి వెలుతురూ బయటి వెలుతురూ సమంగా ఉంటాయి. మీకు కావలసింది అదే.

1925 ప్రాంతంలో పారిస్ దుకాణాల అద్దాలను ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ యూజీన్ అట్జే ఇలాగే తీశారు. బట్టల కొట్టు బొమ్మల మీద ఎదుటి భవనాలు, చెట్లు పడి ఉంటాయి. వెతికి చూడండి, కళ్లు తెరుచుకుంటాయి.

అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. ప్రతిబింబాలు తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ కొనమంటారా?

జవాబు 2:
నన్నడిగితే తొందరేం లేదండి. అద్దానికి ఎదురుగా నిలబడి తీస్తే అది దాదాపు పనిచేయదు. పక్కకు జరిగి ఏటవాలుగా తీస్తే మాత్రం ఫిల్టర్ తిప్పేకొద్దీ ప్రతిబింబం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, లోపలిది ఎంత కనపడాలో మీరే నిర్ణయించుకోవచ్చు. కాకపోతే వెలుతురు ఒకటి, రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి సగం చొప్పున) పోతుంది, సాయంత్రం పూట అది ఇబ్బందే. ముఖం చూసుకునే అద్దాల మీద దీని ప్రభావం ఉండదు, ఎందుకంటే వాటి వెనక లోహపు పూత ఉంటుంది.

నీటి గుంతలను వదిలేయకండి. ఫోన్‌ని తలకిందులు చేసి, లెన్స్ నీటికి బెత్తెడు దూరంలో ఉంచండి. చూపు ఎంత వాలుగా ఉంటే నీరు అంత ఎక్కువ వెలుతురును తిప్పికొడుతుంది. లెన్స్ నీటికి అంత దగ్గరగా ఉంటే చిన్న గుంతలోనూ మీనార్ మొత్తం పడుతుంది. ప్రతిబింబం అసలు దృశ్యం కంటే ముదురుగా వస్తుంది, దాని మీద వేలు నొక్కిపెట్టి ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుతురు) లాక్ చేయండి. అసలు మీనార్‌ని ఫ్రేమ్‌లోంచి తీసేసి, ఫోటోని తిరగేసి చూడండి. నీటి అలలు రాళ్లను వంచేస్తాయి, ఆకాశంలో చెత్త కాగితం తేలుతుంటుంది. ఇది అందరూ తీసే ఫోటో కాదు.

జవాబు 1:
ఒక్క మాట. కొట్టు ముందు చాలాసేపు నిలబడాల్సి వస్తుంది, కాబట్టి ముందే లోపలికెళ్లి "భయ్యా, అద్దం ఫోటో తీసుకుంటా" అని అడగండి. సాయంత్రం బేరాల వేళ తలుపుకి అడ్డం లేకుండా పక్కన నిలబడండి. వీలైతే ఆ అద్దాన్ని ఒకసారి తుడవనివ్వమని కూడా అడగండి.