కుక్క కరిచాక వేసే టీకా ఎలా పనిచేస్తుంది? గాయంలో ఇంకో సూది ఎందుకు?

కృష్ణాతీరం: టీకాలన్నీ జబ్బు రాకముందే వేస్తారు కదా. రేబిస్‌కి మాత్రం కరిచాక వేస్తారు. అప్పటికే వైరస్ ఒంట్లోకి పోయి ఉంటే టీకా ఏం చేయగలదు? పైగా గాయంలోనే సీరం అని ఇంకోటి ఎక్కిస్తారు. నొప్పికి భయపడి చాలామంది వద్దంటున్నారు. మానేస్తే ఏమవుతుంది?

సూక్ష్మజీవి: మానొద్దండి. రేబిస్ వైరస్ రక్తంలో పడి తిరగదు. కరిచిన చోట కండలో ఉండి, నరాల కొసల్లో దూరి, నరం వెంటే వెన్నుపాముకీ మెదడుకీ పాకుతుంది. లక్షణాలు కనబడటానికి సాధారణంగా 1 నుంచి 3 నెలలు పడుతుంది, టీకాకి దొరికే వ్యవధి అదే. ముఖం, మెడ, చేతివేళ్ళ మీద కాటైతే ఇంకా తక్కువ. టీకా వేశాక మన ఒంట్లో యాంటీబాడీలు (వైరస్‌ని పట్టుకునే రక్షక ప్రోటీన్లు) తయారవడానికి 7 నుంచి 14 రోజులు కావాలి. ఈలోగా వైరస్ నరంలోకి దూరిందంటే వాటికి అందదు. సీరంలో ఉండేవి ముందే తయారైన యాంటీబాడీలు. గాయంలోనే వైరస్‌ని పట్టేస్తాయి. లక్షణాలు మొదలయ్యాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు.

వార్డు నర్సు: అన్నిటికన్నా ముందు కడగడం. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు. తర్వాత పోవిడోన్ అయోడిన్ (క్రిముల్ని చంపే పూతమందు) రాయాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు.

రక్తం రాని గీరుడుకి టీకా చాలు. చర్మం తెగి రక్తం వస్తే సీరం కూడా కావాలి. గుర్రం రక్తం నుంచి తీసిన సీరమైతే ఒంటి బరువు కిలోకి 40 ఐయూ (మందు బలాన్ని కొలిచే యూనిట్లు), మనిషి రక్తం నుంచి తీసిందైతే 20. అంటే 60 కిలోల మనిషికి గుర్రపు సీరం 2400 ఐయూ. మిల్లీలీటరుకి 300 ఐయూ ఉండే సీసా నుంచి 8 మి.లీ. వీలైనంతా గాయం లోపల, చుట్టూ ఎక్కించాలి. మొదటి టీకా పడి 7 రోజులు దాటితే ఇక సీరం వేయరు, అప్పటికి సొంత యాంటీబాడీలు మొదలవుతాయి.

టీకా కండలోకైతే 0 (మొదటి డోసు రోజు), 3, 7, 14, 28 రోజుల్లో. చర్మం పొరలోకైతే రెండు భుజాలకీ 0.1 మి.లీ. చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో. పిరుదుకి వేయకూడదు, అక్కడి కొవ్వులో మందు సరిగా పట్టదు.

కృష్ణాతీరం: బొడ్డు చుట్టూ 14 సూదులు అనేవాళ్ళు, అవి పోయినట్టేనా?

సూక్ష్మజీవి: పోయాయి. అది 1911లో హిమాచల్‌లోని కసౌలీలో బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ సెంపుల్ తయారుచేసిన పాత టీకా. గొర్రె మెదడులో వైరస్ పెంచి ఫినాల్ అనే రసాయనంతో చంపేవారు. అందులో మిగిలే నరాల పదార్థం మీద మన రోగనిరోధక శక్తి తిరగబడి, కొందరికి పక్షవాతం వచ్చేది. ఇప్పటి టీకాల్లో చాలావరకు వెరో కణాల్లో (ల్యాబులో పెంచే కోతి కిడ్నీ కణాలు) పెంచి, చంపి, శుద్ధి చేసినవే. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వారి అభయ్‌రాబ్ అలాంటిదే.

కృష్ణాతీరం: మధ్యలో ఒక డోసు తప్పితే?

వార్డు నర్సు: మొదటి నుంచి మొదలెట్టక్కర్లేదు. గుర్తొచ్చిన రోజే వేయించుకుని, మిగతావి అదే ఎడంతో కొనసాగించాలి. గర్భిణులకైనా, పాలిచ్చే తల్లులకైనా ఇదే పద్ధతి.