రగూసా ఇబ్లాకి ఒక్కరోజు సరిపోతుందా?

ఇటలీలో సిసిలీ దీవిలోని కతానియాలో మాస్టర్స్‌కి వచ్చి నెల అయింది. ఈ ఆదివారం రగూసా ఇబ్లా, అంటే రగూసా పాత ఊరు, చూసొద్దామనుకుంటున్నా. నేను వెజిటేరియన్‌ని. ఎలా వెళ్లాలో కాస్త చెప్పండి.

*

ఆదివారం వద్దు తమ్ముడూ, శనివారం పొద్దున్నే బయల్దేరు. కతానియా నుంచి బస్సులో దాదాపు రెండు గంటలు, ఆదివారం ఆ బస్సులు బాగా తగ్గిపోతాయి. మేం మొదటిసారి అమ్మానాన్నల్ని తీసుకుని ఆదివారమే వెళ్లాం. చేరేసరికి మధ్యాహ్నమైంది, చర్చిలన్నీ మూసేశారు, అమ్మ మెట్ల మీద కూర్చుని సాయంత్రం దాకా ఎదురుచూసింది, నాకు ఇప్పటికీ బాధే. ఇక్కడ మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు, అందుకే పదింటికల్లా అక్కడ ఉండు.

బస్సు నిన్ను రగూసా పై ఊళ్లో దింపుతుంది, ఇబ్లా దాని కింద ఉంటుంది. కిందికి సిటీ బస్సు ఉన్నా ఎక్కకు, సాంతా మరియా దెల్లె స్కాలె చర్చి దాకా నడిచి అక్కణ్ణుంచి మెట్లు దిగు. ఇబ్లా మొత్తం ఎదురుగా కనబడేది అక్కడే. 1693 జనవరి 11న భూకంపం వచ్చి ఊరు నేలమట్టమైతే, కొందరు పైన కొత్త ఊరు కట్టుకున్నారు, మిగతావాళ్లు ఈ చోటు వదలం అని పాతచోటే మళ్లీ కట్టుకున్నారు. అందుకే రెండు ఊళ్లు, 1926లో గానీ ఒకటి కాలేదు. అది తెలిసి దిగితే ఒక్కో ఇల్లూ వేరేగా కనిపిస్తుంది.

ఇబ్లాలోని సాన్ జోర్జో చర్చి రొసారియో గాల్యార్ది అనే ఆర్కిటెక్ట్ డిజైన్. ఏటవాలు చౌకు చివర, మెట్ల పైన, కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. ముందు గేటు మూసి ఉంటే కంగారు పడకు, పక్క దారిలోంచి లోపలికి వెళ్తారు. ఎదురుగా నిలబడితే గుమ్మటం ముందుగోడ వెనక దాక్కుంటుంది, పక్కకి వెళ్లి తప్పకుండా చూడు. తర్వాత తోట, జార్దీనో ఇబ్లేయో దగ్గరికి నడువు. భూకంపానికి ముందున్న పాత సాన్ జోర్జో ద్వారం ఒక్కటే అక్కడ మిగిలింది, నాకైతే కొత్త చర్చి కన్నా దాని ముందే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

భుజాలు కప్పే బట్టలు వేసుకో. బూట్లు జారనివి అయితే మంచిది, ఆ రాళ్లు బాగా నున్నగా ఉంటాయి.

*

తిండి గురించి నేను చెప్తా. స్కాచ్చా అని మడతలు వేసి కాల్చిన రొట్టె దొరుకుతుంది, టమాటా-చీజ్‌ది అడుగు, సాసేజ్ పెట్టినవీ ఉంటాయి కాబట్టి కొనేముందు చూసుకో. కానీ ఇక్కడి రగుసానో చీజ్‌కి గొర్రెపిల్ల లేదా మేకపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వేసి పాలు గడ్డకట్టిస్తారు. అది నీకు పడకపోతే "సెన్సా ఫొర్మాజ్జో" (చీజ్ లేకుండా) అని చెప్పి, వంకాయది ఉందేమో అడుగు.